అయ్యో పాపం!

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, అశోక్ నగర్ చౌరస్తాలో బీపీ మాత్రలు కొనుక్కుని నీడ కోసం వెతుక్కుంటుంటే ఇద్దరు కుర్రాళ్లు నా మీదికి నవ్వుకుంటూ వచ్చారు. తెల్లచొక్కాలు, మెడకు టైలు, జేబు మీద నల్లటి పేరుబిళ్లలు. ఒకడు తెల్లవాడు. ఎండకు ముక్కు మీద చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. రెండోవాడు మనవాడే. "హలో అంకుల్, హౌ ఆర్ యూ టుడే?" అన్నాడు తెల్లవాడు. కళ్లజోడు సర్దుకుని వాడి బిళ్ల చదివాను. ఇంటిపేరుకు ముందు ఎల్డర్ అని ఉంది. ఎల్డర్ అంటే పెద్దాయన. మీసం సరిగా రాని పందొమ్మిదేళ్లవాడు పెద్దాయనట! నాకు 81. "మరి నేనేమవుతాను నాయనా?" అని తెలుగులో అడిగాను. తెల్లవాడు మనవాడి వైపు చూశాడు. మనవాడు ఫోను వైపు చూశాడు.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఈ మాట నా నోట్లోంచి రాగానే మా మనవరాలు చెవుల్లో బిరడాలు పెట్టుకుంటుంది. పెట్టుకోనీండి. మీరు వినండి.

నేను బందరువాణ్ణి. నోబుల్ కాలేజీలో చదువుకున్నాను. ఆ నోబుల్ దొర 1841లో బందరు వచ్చి, 1843లో ఇంగ్లీషు బడి పెట్టి, 1865లో అక్కడే పోయాడు. మధ్యలో ఒక్కసారి కూడా సొంతూరు వెళ్లలేదని మా మేస్టర్లు చెప్పేవారు. మిషనరీ అంటే మా ఊళ్లో అది లెక్క. వచ్చినవాడు వచ్చినట్టే. ఉప్పుగాలి తిని, జ్వరాలు పడి, ఇక్కడి మట్టిలోనే కలిసేవాడు. ఇప్పుడు వీళ్లకు రెండేళ్లు. అమ్మాయిలైతే ఏడాదిన్నర. డెప్యుటేషను మీద వచ్చిన ఇంజినీరుకు కూడా అంతకంటే ఎక్కువిస్తారు.

సరే, మా దొరబాబు సంగతి చెబుతాను. అసలు పేరు ఎందుకులెండి, మా ఆవిడ పెట్టిన పేరే దొరబాబు. అది 1973. ఒకపక్క జై ఆంధ్ర గొడవలు, రాష్ట్రపతి పాలన. హైదరాబాదులో బందరు యాసతో నోరు విప్పాలంటే నాకే బెదురుగా ఉండేది. నారాయణగూడలో ఒక బళ్లో తెలుగు పండితుణ్ణి. చిక్కడపల్లి సందులో రెండు గదుల వాటా. జీతం పదిహేనో తారీకుకే అయిపోయేది. ఆ ఏడాదే రాజమండ్రిలో 1964లో పెట్టిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మా పక్కకే, గాంధీనగర్‌లో దిగువ టాంక్‌బండ్ రోడ్డుకు తరలి వచ్చింది. దాంతో లూథరన్లూ బాప్టిస్టులూ మెథడిస్టులూ, పాస్టర్లు కాబోయే పిల్లలూ, అప్పుడప్పుడు ఒకరిద్దరు దొరలూ మా వీధుల్లో తిరగడం మొదలైంది. అట్లాగే ఎవరో చెబితే ఒక మిషను వాళ్లు కబురు పంపారు. అమెరికా నుంచి ఒక కుర్రాడొచ్చాడు, తెలుగు చెప్పాలి, నెలకు అరవై రూపాయలు. ఆఖరి రెండు నెలలవీ ఇప్పటికీ రాలేదు. పేరు చెప్పను గాని, వాళ్లకు గుర్తుందో లేదో!

ఇరవై నాలుగేళ్లవాడు. గడపలో తల వంచకుండా వచ్చి, నుదురు బొప్పి కట్టించుకుని, నమస్కారం పెట్టాడు. చంకలో ఆర్డెన్ వ్యాకరణం. ఎ.హెచ్. ఆర్డెన్ అని మా బందరులోనే పనిచేసిన మిషనరీ, 1873లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాశాడు. సరిగ్గా నూరేళ్ల తర్వాత అదే పుస్తకం పట్టుకుని వీడు మా ఇంటికొచ్చాడు. నేను ఆర్డెన్‌ని పక్కన పెట్టించి చిన్నయ సూరి బాలవ్యాకరణం తీశాను. అది 1858 నాటిది, మరీ పాతది కదా అన్నాడు. పాతదైతే ఏం, అసలుది అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇంకా "నీళ్లు" అనడం రాని పిల్లాడికి సంధులు చెప్పడం మొదలుపెట్టాను.

ఫలితం నెల తిరక్కుండా తేలింది. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టుకు వెళ్లి గంప ముందు గొంతుక్కూర్చుని, "అమ్మా, ఈ వంకాయలను ఏ వెలకు విక్రయించుచున్నారు?" అని అడిగాడట. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్క గంప ఆవిణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి నవ్వి, "గా భాష ఏడ నేర్చినవ్ బిడ్డా?" అని అడిగారు. మా పంతులుగారి దగ్గర అన్నాడు. ఆవిడ రెండు వంకాయలు ఎక్కువే వేసింది గాని, మర్నాటి నుంచి నన్ను చూసినా నవ్వడం మొదలుపెట్టింది.

వాడి అసలు బడి మా ఇంట్లో కాదు, నల్లా దగ్గర. నేను కుళాయి అంటాను, ఇక్కడివాళ్లు నల్లా అంటారు. వాడు మొదటి రోజే నల్లా అన్నాడు. గదేమో మేడమీద, నల్లా కింద. తెల్లవారుజామున ఐదింటికి వదిలితే ఆరింటికి బంద్. రెండు బకెట్లు పట్టుకుని ఆడవాళ్ల వరసలో తాటిచెట్టులా నిలబడేవాడు. బిందె, వరస, వంతు, తోసుకోవడం, "ముందొచ్చింది నేను" అన్న వాక్యం, ఇవన్నీ అక్కడివే. తిట్లూ అక్కడివే. ఒకరోజు అమాయకంగా ఒక మాటకు అర్థం అడిగాడు. మా ఆవిడ వంటింట్లో గరిటె జారవిడిచింది. నీళ్లు మోసి, తల తడితోనే, ఐదున్నరకల్లా మా అరుగు మీద పుస్తకం తెరిచి కూర్చునేవాడు. నేనే కళ్లు నులుముకుంటూ లేచొచ్చేవాణ్ణి.

ళ దగ్గర నాలుగు నెలలు ఆగాం. తాళం అనమంటే తాలం, కళ్లు అనమంటే కల్లు. ఒక పాస్టరుగారింట్లో భోజనానికి పిలిస్తే "నా కల్లు మండుతోంది" అన్నాడు, ఆవకాయ ఘాటుకు. ఆ ఇల్లంతా నిశ్శబ్దమైపోయిందట. నాలుక వెనక్కి మడవరా, అంగిట్లో తగిలించరా అని నేను నోరు తెరిచి చూపిస్తుంటే మా పెద్దాడు, మూడేళ్లవాడు, పక్కన చేరి "ళ ళ ళ" అని వెక్కిరించేవాడు. చివరికి వాణ్ణి చూసే నేర్చుకున్నాడు.

చదవడం మాత్రం గోడలు నేర్పాయి. నారాయణగూడ దీపక్ మహల్ వైపు సైకిలు మీద వెళ్తూ సినిమా పోస్టర్లు కూడబలుక్కునేవాడు. ఆ ఏడాది ఎన్టీ రామారావు, కృష్ణ కలిసి చేసిన 'దేవుడు చేసిన మనుషులు' వచ్చింది. ఒకనాడు పరుగు పరుగున వచ్చి, "మాస్టారూ, ఇంత మంచి వాక్యం గోడ మీద రాశారు, ఏ సంఘం వాళ్లు?" అని అడిగాడు. బొమ్మ చూడలేదా అన్నాను. అక్షరాలు కూడుకునే హడావిడిలో బొమ్మ చూడలేదట.

ఇక అసలు విషయం. వానాకాలం. నారాయణగూడ దగ్గర బురదలో సైకిలు జారి నడిరోడ్డు మీద పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. రిక్షావాళ్లు, పాలకేంద్రం దగ్గర ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒకరి తర్వాత ఒకరు "అయ్యో పాపం", "అయ్యయ్యో, పాపం". వీడు ఆ మోకాలితో కుంటుకుంటూ మా అరుగెక్కి, దెబ్బ చూపించకుండా, "మాస్టారూ, జారిపడడం పాపమా?" అని అడిగాడు. కళ్లలో నిజంగా బాధ. అప్పటిదాకా వాడు విన్న ప్రసంగాల్లో, చదివిన బైబిల్లో పాపానికి ఒకటే అర్థం. మనుషులు తనను చుట్టుముట్టి పాపం పాపం అని వేలెత్తి చూపించారనుకున్నాడు.

నేను పండితుణ్ణి కదా, దొరికిందే సందు. పాపం అంటే చేసిన తప్పు, అదే మాట పడ్డవాడి మీద జాలి కూడా. తప్పు చేసినవాణ్ణి చూసినా పాపం అంటాం, దెబ్బ తిన్నవాణ్ణి చూసినా పాపం అంటాం, తెలుగువాడికి రెంటికీ ఒకే మాట సరిపోయింది అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. మా ఆవిడ పసుపు పెట్టి కట్టు కడుతూ, "అయ్యో పాపం, పిల్లాడు" అంది. ఈసారి నవ్వాడు.

ఆ మరుసటి ఆదివారం ఏదో చిన్న గుడిలో వాడి మొదటి తెలుగు ప్రసంగం. నేను వెళ్లలేదు. వాళ్ల వంటమనిషి వచ్చి చెప్పింది. మనిషి చేసింది చూస్తే మనుషులకు పాపం అనిపిస్తుంది, దేవుడికీ పాపమే అనిపిస్తుంది, కాని దేవుడు అన్నది నారాయణగూడ ఆడవాళ్లు అన్న పాపం అన్నాడట. వెనక బెంచీలో ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారట. సోమవారం వాడొస్తే, వ్యుత్పత్తి అట్లా కుదరదు గాని మాట బాగుంది అన్నాను. నా నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు మా బళ్లో ఎవరికీ దక్కలేదు.

వాడి పనేమిటంటే పొద్దున పాఠం, పగలు ఒక గదిలో కుర్రాళ్లకు ఇంగ్లీషు చెప్పడం, సాయంత్రం పిల్లలకు కథలు. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పాలి ఒకసారి. తిరిగొచ్చిన కొడుక్కి తండ్రి కొవ్విన దూడను కోయిస్తాడు కదా. ఆ మాట చిక్కడపల్లిలో ఎలా చెప్పను అని నన్నడిగాడు. నేను పచ్చి శాకాహారిని, నన్నడిగితే ఏం చెబుతాను? గేటు దగ్గర వాచ్‌మన్ విని, "యాటను కోసిండు అని చెప్పుండ్రి సారూ, దావత్‌కు యాటనే గదా కోస్తరు" అన్నాడు. అంతే. పిల్లలు గుక్క తిప్పుకోకుండా విన్నారట. శ్రీరామనవమి పందిట్లో హరికథకు తీసుకెళ్తే రాత్రి పదకొండు దాకా కదల్లేదు. దాసుగారు అసలు కథ ఆపి పిట్టకథ ఎక్కడ అందుకుంటారో, మళ్లీ ఎక్కడ దింపుతారో చూశాడు. తర్వాత నుంచి వాడి ప్రసంగాల్లో పిట్టకథలు దిగాయి. వాళ్ల పెద్దలకు అది నచ్చలేదని విన్నాను. వాళ్లకేం తెలుసు!

నన్ను మార్చాలని చూడలేదా అని అప్పట్లో మా వీధంతా అడిగేది. చూశాడు. అందుకే కదా వచ్చాడు. ఒక బైబిలు ఇచ్చాడు. నేను పెన్సిలు పుచ్చుకుని సంధి దోషాలు గుర్తుపెట్టి వారంలో తిరిగిచ్చాను. "అర్థం, మాస్టారూ?" అన్నాడు. ముందు సంధి అన్నాను. ఇద్దరం ఓడిపోలేదు. నాకు జవాబు దొరకని ప్రశ్న మాత్రం ఒకటి వేశాడు. "ప్రార్థనలో దేవుణ్ణి నీవు అంటారు, అద్దె అడగడానికొచ్చిన ఇంటాయన్ని మీరు అంటారు. ఎవరు పెద్ద?" ఇంటాయనే అన్నాను. ఆ నెల అద్దె బాకీ ఉంది.

ఇంటికి ఉత్తరాలంటే నీలం రంగు ఏరోగ్రాములు. అంచుల దాకా, మడత లోపల దాకా చీమల్లా రాసేవాడు. జవాబు రావడానికి నెల పట్టేది. ట్రంక్ కాలంటే ప్రాణం మీదికొస్తేనే. వాళ్ల నాయనమ్మ పోయిన సంగతి ఉత్తరంలో మూడు వారాల తర్వాత తెలిసింది. మా అరుగు మీదే చదువుకున్నాడు. ఆ రోజు పాఠం చెప్పలేదు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది.

ఇప్పుడీ ఎల్డర్ల సంగతి. కదిలిస్తే చెప్పారు. కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం వాళ్లట, జనం మోర్మన్లంటారు. ఒకప్పుడు పందొమ్మిది నిండాలి, 2012 నుంచి పద్దెనిమిదికే రావచ్చట. ఖర్చు ఇంటివాళ్లదే. ఇద్దరూ ఎప్పుడూ జంటగానే ఉండాలి, ఒకడు కనబడకుండా ఇంకొకడు ఉండకూడదు. ఇది నాకు నచ్చింది, మా ఇంట్లో మాకు కుదరలేదు. 2019 దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లేనట, క్రిస్మస్‌కూ అమ్మల పండక్కీ. ఇప్పుడు వారానికోసారి మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. ఆ పాత నియమం నచ్చిందని అనబోయి, దొరబాబు నాయనమ్మ గుర్తొచ్చి ఊరుకున్నాను.

వీళ్ల సంఘం మన ఊరికి రావడంలో ఒక తెలుగు జంట చెయ్యి ఉందని ఆ కుర్రాళ్లే చెప్పారు. ధర్మరాజు ఎడ్విన్, ఎల్సీ అట. 1977లో సమోవా దీవుల్లో ఉండగా ఆ సంఘంలో చేరి, మరుసటేడు డిసెంబరులో హైదరాబాదు తిరిగొచ్చి ముందు చుట్టాలకే చెప్పారు. 2012లో మన దేశంలో వాళ్ల తొలి 'స్టేక్' హైదరాబాదులోనే పెట్టారట. స్టేకంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, మాటకర్థం మాత్రం గుంజ అనుకోండి, డేరా గుంజ. నేను విని తలూపాను. చుట్టాలకు చెప్పడానికి వచ్చినవాళ్లకు భాష ఒకటి కలిసొస్తుంది. మా వైపు జాన్ రంగయ్యగారూ అంతే. తెలుగు బాప్టిస్టులే పంపితే 1903లో ఓడెక్కి దక్షిణాఫ్రికాలో నేటాల్ వెళ్లాడు. తోటల్లో కూలికెళ్లిన తెలుగువాళ్లకు తెలుగులోనే చెప్పాడు. సముద్రం దాటినా నిఘంటువు తెరవక్కర్లేకపోయింది.

మరి వీళ్లకు? ఈ తెల్లపిల్లాడు వచ్చి ఏడు నెలలైందట. ఎన్ని తెలుగు మాటలొచ్చని అడిగాను. "నమస్తే, బాగున్నారా, కారం వొద్దు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడు నెలల్లో మా దొరబాబు... అని మొదలుపెట్టి, ఎందుకు నేర్చుకోలేదురా అని నిలదీశాను. వాడు దొంగచూపులేం చూడలేదు. "ఎవరూ నాతో తెలుగులో మాట్లాడరు అంకుల్" అన్నాడు ఇంగ్లీషులో.

నేను చుట్టూ చూశాను. నిజమే. చౌరస్తా నాలుగు వైపులా గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్ కోచింగు బోర్డులు, హాస్టళ్లు, జెరాక్సు కొట్లు. ఆ బోర్డుల మీద తెలుగు అక్షరం కోసం భూతద్దం పెట్టాలి. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున తలుపు తియ్యకముందే పిల్లలు వరస కడతారు. అందులో ఒక్కడు తలెత్తి ఈ తెల్లవాణ్ణి చూస్తే, వెంటనే ఇంటర్వ్యూకు సాధన చేసుకున్నట్టు ఇంగ్లీషు దంచుతాడు. కూరలు ఫోనులో వస్తాయి. నీళ్లు డబ్బాల్లో వస్తాయి. మెట్రో 2020లో వచ్చింది, చిక్కడపల్లిలో ఎక్కి నారాయణగూడలో దిగేలోపు పక్కవాడి మొహం కూడా చూడక్కర్లేదు. నల్లా దగ్గర వరస లేదు, నడిచేవాడికి గోడ మీద పోస్టరు లేదు, అరుగు లేదు. మా అరుగు కొట్టేసి పార్కింగు చేశారు, సంతకం పెట్టింది నేనే. ఈ పిల్లాడు తెలుగు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

మనవాడు ఉన్నాడు కదా పక్కన, జంటపిట్ట! రాజమండ్రి పిల్లాడట. తెలుగు కీర్తన ఒకటి చదివి వినిపించమన్నాను. ఫోను తీశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. "తెలుగు స్క్రిప్టు రాదు అంకుల్, ఇంగ్లీష్ మీడియం." రాజమండ్రి! నన్నయ్య కూర్చుని భారతం మొదలుపెట్టిన ఊరు! గోదారమ్మ వినలేదు గనక సరిపోయింది.

ఇక వీళ్లతో ఏం మాట్లాడతాం, వెళ్లండి నాయనా అన్నాను. వెళ్లబోతూ తెల్లపిల్లాడు కాలవ మీద కదిలిపోయిన బండ మీద కాలేశాడు. ఈ ఫుట్‌పాత్‌ను కేబుళ్లకని తవ్వడం, పూడ్చడం, మళ్లీ తవ్వడం నేను చూస్తూనే ఉన్నాను. బండ తిరగబడింది, మోకాలి దాకా కాలు దిగబడింది. ప్యాంటు చిరిగి పిక్క మీద చర్మం లేచింది. కోచింగు పిల్లలు ఇద్దరు ఆగి "ఆర్ యూ ఓకే బ్రో?" అన్నారు. ఆటోవాడు "క్యా హువా భాయ్" అన్నాడు. ఒకమ్మాయి ఫోను ఎత్తి ఫొటో తీసింది. నా నోటివెంట మాత్రం అలవాటుగా వచ్చేసింది. "అయ్యో పాపం!"

తెల్లపిల్లాడు కాలు పైకి లాక్కుంటూ, ఆయన ఏమన్నాడు అని మనవాణ్ణి అడిగాడు.

"హీ సెడ్ సిన్" అన్నాడు మనవాడు.

ఆ పిల్లాడు నా వైపు చూసిన చూపు యాభై ఏళ్ల కిందట మా అరుగు మీద చూసిందే. మందుల షాపులోకి తీసుకెళ్లి, దూదీ అయోడినూ ఇప్పించి, బల్ల మీద కూర్చోబెట్టి, నాకొచ్చిన ఇంగ్లీషులో అరగంట చెప్పాను. షాపువాడు గిరాకీ పోతోందని గొణిగాడు. మనవాడు కూడా నోరు తెరుచుకుని విన్నాడు, వాడికీ కొత్తే. తెల్లపిల్లాడు "పాపం" అని రెండుసార్లు అనుకుని, తెలుగులో రాసి చూపించమన్నాడు. మాత్రల చీటీ వెనక రాసిచ్చాను. జేబులో, బిళ్ల వెనక పెట్టుకున్నాడు.

రేపట్నుంచి పొద్దున ఐదున్నరకు రండి, ఇద్దరూ రండి, ఫీజు అక్కర్లేదు అన్నాను. మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ల నియమం ప్రకారం లేచేదే ఆరున్నరకట. తర్వాత వ్యాయామం, ప్రార్థన, చదువు.

ఆరున్నరకు లేచేవాడికి ఇంక ళ ఎప్పుడు పలుకుతుంది! పోనీ సోమవారం కాస్త తీరికట, తొమ్మిదికి రమ్మన్నాను.